ఏప్రిల్ ఎండలో 42 కిలోమీటర్లా?

ఒరేయ్ కిట్టూ,

ఏప్రిల్ నెలాఖరున స్నేహితులతో కలిసి కరకట్ట మీద మారథాన్ పరిగెత్తబోతున్నావని మీ అమ్మ చెప్పింది. నాకు పట్టిన పిచ్చి నీకూ పట్టినందుకు లోలోపల పొంగిపోయాను. నెల పేరు విన్నాకే ఒళ్ళు మండింది. డిసెంబరు దాకా ఆగితే కరకట్ట ఎక్కడికైనా పారిపోతుందా?

సరే, చెబితే వినే రకం కాదు నువ్వు. కొత్త బూట్లతో దిగకు. నూలు బనీను వద్దు. తొడలకి వేజలిన్ పట్టించు. తెల్లవారుజామున మూడున్నరకి బయల్దేరితే, నాలుగున్నర గంటలు పట్టినా ఎనిమిదికల్లా అయిపోతుంది. చల్లగా ఉంది కదా అని మొదట్లోనే ఉరకకు. కృష్ణ పక్కన ఆ వేళ గాలిలో తేమ ఎక్కువ. ఒంటిని చల్లబరిచేది ఆరిన చెమటే, కారి నేలపాలైనది కాదు. మామూలు వేగం మీద కిలోమీటరుకి కనీసం అర నిమిషం వదులుకో. మారథాన్‌కి ముందు రెండు వారాలు రోజూ గంట, గంటన్నర వేడిలో మెల్లగా పరిగెత్తు. రక్తంలో నీటిపాలు పెరుగుతుంది, చెమట త్వరగా మొదలవుతుంది. ఏసీ గదిలో ట్రెడ్‌మిల్ మీద అది రాదు.

ఇక నీళ్ళు. పరుగులోకం అటూ ఇటూ రెండువైపులా తప్పింది ఇక్కడే. 1904 ఆగస్టు 30, సెయింట్ లూయిస్ ఒలింపిక్స్. 32 డిగ్రీల ఎండ, మట్టిరోడ్డు, కార్లు లేపే దుమ్ము. దాహం మనిషినేం చేస్తుందో చూద్దామని నిర్వాహకుడు జేమ్స్ సల్లివన్ దారిలో నీళ్ళు దాదాపు లేకుండా చేశాడు. 32 మంది బయల్దేరితే చివరిదాకా వచ్చింది 14 మంది. గెలిచిన థామస్ హిక్స్ నీళ్ళడిగితే ఇవ్వలేదు. బదులు గుడ్డు తెల్లసొనలో స్ట్రిక్నిన్ అనే విషం కలిపి తాగించారు, బ్రాందీ పట్టించారు. బతికి బయటపడటం అతని ఆయుష్షు, వైద్యం కాదు.

తర్వాతి కాలంలో దాహం వేయకముందే పట్టినన్ని తాగమనడం మొదలైంది. 2002 బోస్టన్ మారథాన్ ముగించిన 488 మందికి రక్తపరీక్ష చేస్తే 13 శాతం మందిలో సోడియం, అంటే ఉప్పులో ఉండేదే, తగ్గి ఉంది. ఆ ముప్పు ఎక్కువగా ఉన్నది దారిలో తాగీ తాగీ బరువు పెరిగినవాళ్ళకే. సోడియం బాగా పడిపోతే మెదడు ఉబ్బుతుంది. తలనొప్పి, వాంతులు, ఆఖరికి ఫిట్స్. పక్కవాళ్ళు నీళ్ళు చాల్లేదనుకుని ఇంకో సీసా పట్టిస్తారు.

నువ్వు కొలుచుకో. గంట పరుగుకి ముందూ తర్వాతా, చెమట తుడుచుకుని, బట్టల్లేకుండా బరువు చూడు. 62 కిలోలు 61.1 అయి, మధ్యలో 400 మిల్లీలీటర్లు తాగి ఉంటే నీ చెమట గంటకి 1.3 లీటర్లు. అంతా పూడ్చుకోనక్కర్లేదు, మూడింట రెండు వంతులు చాలు. దాహం లేకపోతే అదీ తగ్గించు. చివర్లో బరువు రెండు శాతం తగ్గినా ఫర్వాలేదు, పెరగకూడదు. లీటరు నీళ్ళకి ఒక పెద్ద ఓఆర్ఎస్ పొట్లం కలుపు. అందులో 2.6 గ్రాముల ఉప్పుంటుంది. కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. వాటినే నమ్ముకోకు. మోకాలు నొప్పని దారిలో బ్రూఫెన్ మింగావంటే ఊరుకోను, కిడ్నీలకి దెబ్బ.

నాకు నిద్రపట్టనివ్వనిది మాత్రం వడదెబ్బే. ఒళ్ళు పొడిబారితేనే వడదెబ్బ అనుకుంటారు. పరుగులో వచ్చేదానికి ఒళ్ళంతా చెమటే ఉండొచ్చు. అందుకే పక్కవాళ్ళని నీ మాట తీరు చూడమను నాయనా. ఎన్నో కిలోమీటరని అడిగితే పొంతన లేకుండా చెప్పినా, ఊరికే కసిరినా, తూలినా అక్కడే ఆపేయాలి. ఒంటి లోపలి వేడి 40 డిగ్రీల సెల్సియస్ దాటినా నుదుటి థర్మామీటరు తక్కువే చూపించొచ్చు. 108కి ఫోన్ చేస్తూనే చల్లబరచడం మొదలుపెట్టాలి, ఆసుపత్రిలో చూసుకుంటారులే అని కూర్చోకూడదు. టార్పాలిన్‌లో పడుకోబెట్టి, నలుగురు అంచులెత్తి పట్టుకుని, ఐసునీళ్ళు పోసి కదుపుతూ ఉండాలి. తల నీళ్ళలోకి జారకుండా ఒకరు పట్టుకోవాలి. తెలివి సరిగా లేనివాడి నోట్లో నీళ్ళు పోయొద్దు. పారాసిటమాల్ దీనికి పనిచేయదు.

పరిగెత్తనివాడు ఒకడు మీ వెనకే కారులో రావాలి. టార్పాలిన్, నాలుగైదు క్యాన్ల నీళ్ళు, 40 కిలోల ఐసు అందులో ఉండాలి. ఐసు ముందురోజు రాత్రే తెచ్చి థర్మకోల్ పెట్టెల్లో పెట్టండి, తెల్లవారుజామున మూడింటికి మీకోసం ఎవడూ కొట్టు తీయడు. ఆ కారు నడిపేవాడి నంబరు నాకు పంపు, వాడితో విడిగా మాట్లాడాలి.

మీ అత్తయ్య