మధ్యాహ్నమయ్యేసరికి మొరాయించే ట్రెబుల్ బూస్టర్

రాయగడ తమ్ముడూ, గిటార్ పైస్వరాలను (ట్రెబుల్) పెంచే నీ రేంజ్‌మాస్టర్ తరహా పెడల్ పొద్దున్న బాగానే ఉండి, మధ్యాహ్నానికి గరగరలాడుతోందనీ, పైగా సన్నగా కీచుమంటోందనీ అన్నావు కదా. ఆంప్ (యాంప్లిఫైయర్) వాల్వులను అనుమానించకు. ఇది పెడల్ లోపలి జెర్మేనియం ట్రాన్సిస్టర్ పనిలా ఉంది. వేడెక్కితే దాని లీకేజీ (అక్కర్లేకుండా కారే కరెంటు) పెరిగి బయాస్ (అది నిలవాల్సిన వోల్టేజీ) జారిపోతుంది. మే నెలలో మా బరంపురంలో రేకుల కప్పు కిందా ఇదే గోల.

మూత తీసి, మీటర్ ఎర్ర ప్రోబ్ ట్రాన్సిస్టర్ కలెక్టర్ కాలు మీద, నల్లది గ్రౌండ్ మీద పెట్టు. మైనస్ 7 వోల్టుల దగ్గర ఉండాలి. ఎండవేళ అది 4కో 5కో దిగితే దొంగ దొరికినట్టే. ట్రాన్సిస్టర్ బేస్ కాలు నుంచి గ్రౌండ్‌కు వెళ్లే 68 కిలో ఓమ్‌ల రెసిస్టర్ తీసేసి 100 కిలో ఓమ్‌ల ట్రిమ్మర్ (తిప్పి విలువ మార్చే చిన్న రెసిస్టర్) వెయ్యి. మళ్లీ 7 చూపించేదాకా తగ్గిస్తూ పో. అంత ఓపిక లేకపోతే సిలికాన్ ట్రాన్సిస్టర్ ఉన్న పెడల్ కొనుక్కో, మన ఎండలకు అదే నయం.

పాత పీఎన్‌పీ (ట్రాన్సిస్టర్‌లో ఒక రకం) సర్క్యూట్ అయితే గ్రౌండే పాజిటివ్. మిగతా పెడల్స్‌తో ఒకే అడాప్టర్‌కు కలిపావంటే షార్టే. విడిగా 9 వోల్టుల బ్యాటరీ పెట్టు.

ఇక క్లీన్‌గా (శబ్దం చిట్లకుండా) పెట్టిన ఆంప్‌లో సన్నగా కీచుమనడం పెడల్ లోపం కాదు, బాస్ (కింది స్వరాలు) కోసెయ్యడమే దాని పని. ముందు ఆంప్ వాల్యూమ్ పెంచి శబ్దాన్ని కాస్త చిట్లనివ్వు, గిటార్ కేబుల్ నేరుగా దీనికే పెట్టు, మధ్యలో బఫర్ (సిగ్నల్‌ను నిలబెట్టే సర్క్యూట్) వద్దు.