పాటలు లేని రేడియోలో రోజంతా ఏమి వస్తుంది?

బ్రిటన్‌లో బీబీసీ రేడియో 4 దాదాపు పూర్తిగా మాటల కేంద్రం. పాటలు లేకుండా అది రోజంతా ఎలా నడుస్తుందని ఒకరు అడిగారు. ఒక్క విషయానికే అంటిపెట్టుకోకపోవడమే దాని బలం.

తెల్లవారుజామున రైతుల కార్యక్రమం, ఆరు నుంచి తొమ్మిది వరకు వార్తలు, రాజకీయ నాయకులతో సూటి ప్రశ్నలు. తర్వాత 1946లో మొదలైన మహిళల కార్యక్రమం, విజ్ఞాన చర్చలు, నాటకాలు, హాస్యం. సాయంత్రం ఆరు గంటల వార్తలకు ముందు లండన్‌లోని బిగ్ బెన్ గడియారం గంటలు మోగుతాయి.

ఏడు గంటలకు వచ్చే ‘ది ఆర్చర్స్’ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ఒక కల్పిత పల్లె కథ ఇది. 1951 జనవరి 1 నుంచి దేశమంతటా ప్రసారమవుతోంది. యుద్ధానంతరం ఆహార కొరత ఉన్న రోజుల్లో కొత్త సాగు పద్ధతులను కథలో కలిపి రైతులకు చేరవేయడం దాని తొలి ఉద్దేశం. ఆకాశవాణి వ్యవసాయ కార్యక్రమాలు విని పెరిగినవారికి ఈ ఆలోచన వెంటనే అర్థమవుతుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అర్ధరాత్రి దాటాక వచ్చే నౌకల వాతావరణ సూచన. వైకింగ్, నార్త్ ఉట్సీరా, సౌత్ ఉట్సీరా, ఫోర్టీస్ అంటూ 31 సముద్ర ప్రాంతాల్లో గాలి దిశ, వేగం, వాన, చూపు ఆనే దూరం ఒకే క్రమంలో, నిదానంగా చదువుతారు. ఓడ ఎక్కనివారు కూడా నిద్రపోయే ముందు దాన్ని వింటారు. ఆ తర్వాత జాతీయ గీతం, ఒంటిగంట నుంచి బీబీసీ ప్రపంచ శ్రోతల కోసం నడిపే వరల్డ్ సర్వీస్.