మొదటి బెయిట్‌కాస్టర్ ఎంపిక: ముందు లూర్ బరువు, తరువాతే రీల్

ప్రశ్న: మేము టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాము. చిన్నతనంలో తణుకు దగ్గర కాలువ గట్టున వెదురు కర్రకు గాలం కట్టి, వానపామును ఎరగా గుచ్చి చేపలు పట్టిన అలవాటు ఉంది. ఇక్కడ రెండేళ్లుగా స్పిన్నింగ్ రీల్‌తో లూయిస్‌విల్ సరస్సు గట్టున బాస్ చేపలు పడుతున్నాను. వచ్చే వసంతంలో మిత్రులతో కలిసి పడవ మీద లేక్ ఫోర్క్‌లో చేపలు పట్టాలని అనుకుంటున్నాను. అక్కడికి బెయిట్‌కాస్టింగ్ రీల్ తప్పనిసరి అని వాళ్లు చెబుతున్నారు. దుకాణంలో చూస్తే 40 డాలర్ల నుంచి 500 డాలర్ల దాకా ఉన్నాయి. ఒకదాని మీద 6.3 అనీ, మరొకదాని మీద 8.1 అనీ రాసి ఉంది. నేను అన్నిటికీ కలిపి 200 డాలర్లు ఖర్చు పెట్టగలను. ఏది కొనాలి? నా పాత స్పిన్నింగ్ రాడ్‌కే ఈ రీల్ బిగించుకోవచ్చా? దారం చిక్కుపడుతుందన్న భయం ఎలా పోతుంది?
(ఒక పాఠకుడు, ఫ్రిస్కో)

జవాబు: మీ ఉత్తరంలో రీల్ ధర గురించి, దాని మీది అంకెల గురించి ఉంది కానీ, మీరు నీళ్లలోకి ఏ లూర్, అంటే ఏ కృత్రిమ ఎర, విసరబోతున్నారో ఒక్క మాట కూడా లేదు. బెయిట్‌కాస్టింగ్ సరంజామా కొనేటప్పుడు మొట్టమొదట తేల్చుకోవలసింది అదే. స్పిన్నింగ్ రీల్‌లో స్పూల్, అంటే దారం చుట్టి ఉండే చక్రం, కదలకుండా నిలబడి ఉంటుంది, దారం దాని అంచు మీదుగా జారిపోతుంది. బెయిట్‌కాస్టర్‌లో అలా కాదు. ఎగిరిపోతున్న లూర్ తన బరువుతో దారాన్ని లాగి, ఆ లాగుడుతో స్పూల్‌ను గిరగిరా తిప్పాలి. లూర్ మరీ తేలికైతే స్పూల్ సరిగ్గా తిరగదు, దూరమూ పోదు. అందువల్ల పావు ఔన్స్ కన్నా తేలికైన లూర్‌లన్నిటికీ మీ పాత స్పిన్నింగ్ రీల్‌నే వాడుకోండి. కొత్తది దానికి బదులు కాదు, దానికి తోడు.

మరి ఫోర్క్‌కు బెయిట్‌కాస్టర్ తప్పనిసరి అని మీ మిత్రులు ఎందుకు అన్నారంటే, దానికి కారణం ఆ సరస్సు అడుగున ఉంది. 1980లో ఆనకట్ట పూర్తయిన ఆ జలాశయం సుమారు 27 వేల ఎకరాలు. నీళ్లు నిండినప్పుడు మునిగిన చెట్ల మోడులు ఇప్పటికీ చాలా చోట్ల నిలువునా ఉన్నాయి, వాటికి తోడు హైడ్రిల్లా వంటి నాచు మొక్కలు. 1992 జనవరిలో బ్యారీ సెయింట్ క్లెయిర్ పట్టిన 18.18 పౌన్ల లార్జ్‌మౌత్ బాస్, అంటే టెక్సస్ రాష్ట్ర రికార్డు చేప, వచ్చింది ఈ సరస్సులోంచే. బాస్ ఆ మోడుల నీడలో పొంచి ఉంటుంది. గాలం దిగిన మరుక్షణం మోడు చుట్టూ తిరగబోతుంది. ఆ మొదటి రెండు మూడు క్షణాల్లోనే దాన్ని ఇవతలికి లాగాలంటే బిరుసైన రాడ్, లావైన దారం, వాటిని తట్టుకునే రీల్ ఉండాలి. లావు దారాన్ని బెయిట్‌కాస్టర్ మోసినంత సులువుగా స్పిన్నింగ్ రీల్ మోయలేదు. మీ మిత్రుల సలహాలోని సారం ఇంతే.

ఇక లూర్ విషయానికి వస్తే, మొదటి ఏడాదికి రెండు రకాలు చాలునని నా అభిప్రాయం. ఒకటి 3/8 ఔన్స్ స్పిన్నర్‌బెయిట్, అంటే లాగుతుంటే గిరగిరా తిరిగే లోహపు రేకు ఉన్న లూర్. రెండోది టెక్సస్ రిగ్, అంటే తూటా ఆకారపు సీసపు గుండో టంగ్‌స్టన్ గుండో ముందు దూర్చి, గాలం మొన బయటికి కనబడకుండా ప్లాస్టిక్ వానపాములో దాచి కట్టేది. మోడుల మధ్య అది అంత సులువుగా చిక్కుకోదు. తణుకు కాలువలో నిజం వానపాము గుచ్చిన చేతికి ఇది కొత్తగా అనిపించదు. గుండుతో, గాలంతో, ప్లాస్టిక్‌తో కలిపి ఈ రెండూ దాదాపు 3/8 నుంచి 5/8 ఔన్స్ మధ్య, అంటే పది నుంచి పద్దెనిమిది గ్రాముల లోపు తూగుతాయి. మీ రాడ్, రీల్, దారం అన్నీ ఈ బరువు చుట్టూనే ఎంచుకోవాలి.

రాడ్‌తో మొదలుపెడదాం. చాలామంది డబ్బంతా రీల్ మీద పెట్టి, మిగిలిన చిల్లరతో రాడ్ కొంటారు, అది పొరపాటు. ఏడు అడుగుల పొడవు, మీడియం హెవీ పవర్, ఫాస్ట్ యాక్షన్ ఉన్న గ్రాఫైట్ రాడ్ తీసుకోండి. పవర్ అంటే రాడ్‌ను వంచడానికి ఎంత బలం కావాలన్నది. యాక్షన్ అంటే అది ఎక్కడ వంగుతుందన్నది. ఫాస్ట్ యాక్షన్ రాడ్ పై భాగంలోనే వంగి, కింది భాగం బిర్రుగా నిలుస్తుంది కాబట్టి, ప్లాస్టిక్‌లో దాచిన గాలం బయటికి వచ్చి చేప దవడలో దిగడానికి కావలసిన ఊపు వెంటనే అందుతుంది. పిడికి కాస్త పైన, ప్రతి రాడ్ మీదా, అది మోయగల లూర్ బరువును, దారం బలాన్ని చిన్న అక్షరాలతో అచ్చు వేస్తారు. లూర్ బరువు 1/4 నుంచి 3/4 ఔన్స్ అని గానీ, 3/8 నుంచి 1 ఔన్స్ అని గానీ, దారం 12 నుంచి 20 పౌన్లు అని గానీ ఉంటే అది మీకు తగినది. ఈ ఒక్క పంక్తి చదవకుండా కొన్న రాడ్ ఎంత ఖరీదైనదైనా మీకు ఉపయోగపడదు. దుకాణంలోనే కాస్త దూదిని, దారం దూరి వెళ్లే ప్రతి గైడ్ రింగు లోపల తిప్పి చూడండి. పోగులు చిక్కుకుంటే ఆ రింగులో పగులు ఉన్నట్టే, రేపు అదే మీ దారాన్ని కోస్తుంది.

పాత స్పిన్నింగ్ రాడ్‌కు బెయిట్‌కాస్టర్ బిగించవద్దు. స్పిన్నింగ్ రాడ్‌లో రీల్, గైడ్లు కిందికి వేలాడుతాయి. బెయిట్‌కాస్టింగ్ రాడ్‌లో రెండూ పైకి ఉంటాయి, పిడి కింద చూపుడువేలు ఆనుకోవడానికి కొక్కెంలాంటి ట్రిగ్గర్ ఉంటుంది. ఆ ట్రిగ్గర్ లేకుండా విసిరితే రాడ్ చేతిలో తిరిగిపోతుంది.

ఇప్పుడు రీల్. మీరు చూసిన 6.3, 8.1 అన్నవి గేర్ రేషియోలు. రీల్ పిడిని ఒక చుట్టు తిప్పితే స్పూల్ 6.3 చుట్లు తిరుగుతుందా, 8.1 చుట్లు తిరుగుతుందా అని చెప్పే లెక్క అది. పళ్ల చక్రాలతో స్పూల్‌ను ఎక్కువ చుట్లు తిప్పే ఈ పద్ధతిని 19వ శతాబ్దపు తొలి దశకాల్లో కెంటకీ రాష్ట్రంలోని పారిస్ పట్టణంలో జార్జ్ స్నైడర్ అనే గడియారాల పనివాడు బాస్ రీల్‌లోకి తెచ్చాడని చెబుతారు, నేటి రీళ్లన్నీ దాని వారసులే. అంకె పెద్దదైతే మేలనుకోవద్దు. లోతుకు దిగే క్రాంక్‌బెయిట్‌కు (చిన్న చేప ఆకారపు గట్టి లూర్‌కు) ఐదూ ఆరు మధ్యది హాయిగా ఉంటుంది. మోడుల్లోంచి చేపను చప్పున లాగడానికి ఎనిమిది ఉపయోగపడుతుంది. ఒకే ఒక్క రీల్ కొనేవారికి 7కు అటూ ఇటూగా ఉన్నది రెంటికీ సరిపోతుంది.

బ్రేక్‌ల గురించి మాత్రం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ భయమంతా అక్కడే ఉంది. విసిరిన మొదటి క్షణంలో లూర్ వేగంగా పోతుంది, స్పూల్ అదే వేగం అందుకుంటుంది. కాసేపట్లో గాలి తగిలి లూర్ నెమ్మదిస్తుంది, స్పూల్ మాత్రం తన ఊపులో తిరుగుతూనే ఉంటుంది. బయటికి పోలేని దారం స్పూల్ మీద ఉబ్బి, మెలికలు పడి, ముద్ద అవుతుంది. దీనినే బ్యాక్‌లాష్ అంటారు. అమెరికన్లు పిట్టగూడు అని కూడా పిలుస్తారు, చూస్తే అలాగే ఉంటుంది. దీన్ని ఆపడానికి మూడు ఉన్నాయి: స్పూల్ ఇరుసును బిగించే చిన్న మర, బ్రేక్, మీ బొటనవేలు. బ్రేక్‌లలో సెంట్రిఫ్యూగల్ రకంలో చిన్న దిమ్మెలు వేగానికి బయటికి జరిగి అంచుకు రాసుకుంటాయి. మాగ్నెటిక్ రకంలో అయస్కాంతాలు దేనినీ తాకకుండానే స్పూల్‌ను నెమ్మదింపజేస్తాయి. కొత్తగా నేర్చుకునేవారికి పక్కన డయల్ ఉన్న మాగ్నెటిక్ బ్రేక్ మంచిదని నేను చెబుతాను, ఎందుకంటే గాలి మారినప్పుడల్లా మూత విప్పకుండా పైనుంచే సర్దుకోవచ్చు.

డైవా, షిమానో, అబూ గార్సియా, లూస్ కంపెనీలు నాలుగూ 100 డాలర్లకు అటూ ఇటూగా నమ్మదగిన రీళ్లు అమ్ముతున్నాయి. 40 డాలర్ల రీల్‌తోనూ చేప పడుతుంది కానీ, దాని బ్రేక్ సన్నగా సర్దుకోకపోతే నేర్చుకునేవారు తప్పు తమదో రీల్‌దో తెలియక విసిగిపోతారు. 300 దాటినవి ఇప్పుడు మీకు అక్కరలేదు. రీల్‌కు 100, రాడ్‌కు 70 నుంచి 80, దారానికి 10 డాలర్లు అని విభజించుకుంటే మీ 200లోనే అన్నీ వస్తాయి.

దారం 14 లేదా 15 పౌన్ల మోనోఫిలమెంట్, అంటే ఒంటి పోగు నైలాన్ దారం, తీసుకోండి. ఇప్పుడు అందరూ బ్రెయిడ్ (సన్నని పోగులు అల్లిన దారం), ఫ్లోరోకార్బన్ అంటారు, అవీ మంచివే. కానీ మోనో మెత్తగా ఉంటుంది, చవక, చిక్కు పడితే విప్పడమూ సులువు. నాలుగు సార్లు ముద్దయి కోసి పారేసినా మనసు కష్టపెట్టుకోనక్కరలేదు. స్పూల్ అంచుకు 1/8 అంగుళం తక్కువ దాకా నింపండి. అయితే కోసిన దారాన్ని గట్టున వదిలి రావద్దు. పక్షుల కాళ్లకు చుట్టుకున్న దారాన్ని నేను నా చేతులతో విప్పవలసి వచ్చింది.

కొన్నాక నేరుగా సరస్సుకు వెళ్లకండి. నేను మొదటిసారి అదే చేశాను. ఎదురుగాలి వీస్తున్న ఉదయం పడవ మీద నిలబడి, బలమంతా పెట్టి విసిరాను. స్పూల్ గుర్రుమన్నది, దారం ఒక్కసారిగా ముద్దయి ఆగింది, ఆ కుదుపుకు ముడి తెగి లూర్ ఒక్కటే అవతలి మోడుల్లోకి ఎగిరిపోయింది. ఆ రోజంతా మిగతావాళ్లు చేపలు పడుతుంటే నేను చిక్కు విప్పుతూ కూర్చున్నాను. మీరు పెరట్లోనో, పార్కు గడ్డిలోనో గాలం లేని అర ఔన్స్ ప్లాస్టిక్ గుండు కట్టుకుని, గాలి వీపుకు తగిలేలా నిలబడి మొదలుపెట్టండి.

ముందు రాడ్‌ను ముందుకు చాచి, బొటనవేలి కింది మీట నొక్కి గుండును కిందికి వదలండి. అది నెమ్మదిగా జారి, నేల తాకగానే స్పూల్ కూడా ఆగిపోయేంత వరకు పక్కనున్న మరను బిగించండి. బ్రేక్ డయల్‌ను దాని పూర్తి అంకెలో నాలుగింట మూడు వంతుల దగ్గర పెట్టండి. దూరం కోసం ప్రయత్నించకుండా, నడుము ఎత్తులో పక్కనుంచి మెల్లగా, ఊయల ఊపినట్టు విసరండి. బొటనవేలి మెత్తని కండను స్పూల్ మీద ఆనీ ఆననట్టు ఉంచండి. దారం ఉబ్బడం మొదలైతే ఆ మెలికలు చర్మానికి గీరుకుంటూ తగులుతాయి, అప్పుడు కొంచెం నొక్కాలి. గుండు నేల తాకే ముందు పూర్తిగా నొక్కి ఆపాలి. రోజుకు ఇరవై నిమిషాలు, పది రోజులు ఇలా చేస్తే బొటనవేలే పని నేర్చుకుంటుంది. అప్పుడు బ్రేక్‌ను ఒక్కొక్క అంకె తగ్గించుకుంటూ పోండి, దూరం దానంతటదే పెరుగుతుంది.

ముద్ద పడినప్పుడు దారాన్ని కోపంగా లాగవద్దు. బొటనవేలితో స్పూల్‌ను గట్టిగా అదిమిపట్టి, పిడిని రెండు చుట్లు తిప్పి, మీట నొక్కి దారాన్ని మెల్లగా బయటికి లాగండి. చాలాసార్లు ఇంతటితోనే విడిపోతుంది. విడకపోతే పైకి కనబడే మెలికను గోటితో ఎత్తి, మళ్లీ ఇదే చేయండి.

చివరగా, చేప గట్టిగా లాగినప్పుడు దారం తెగకుండా జారనిచ్చే, నక్షత్రం ఆకారంలో ఉండే డ్రాగ్ చక్రాన్ని దారం బలంలో మూడో వంతు లాగుడుకు, అంటే 15 పౌన్ల దారానికి 5 పౌన్లకు జారేలా బిగించుకోండి. సంచులు తూచే చిన్న కొక్కెపు కాటాతో ఇది చూసుకోవచ్చు. ఫోర్క్‌లో 16 అంగుళాలు దాటి 24 అంగుళాల లోపు ఉన్న బాస్‌ను తిరిగి వదిలేయాలన్న నియమం ఉంది. తగిన దారంతో త్వరగా పైకి తీసిన చేప అలసిపోకుండా బతికి వెళుతుంది, సన్నని దారంతో చాలాసేపు ఆడించిన చేపకు, ముఖ్యంగా వేసవిలో, ఆ అవకాశం తగ్గుతుంది. 17 ఏళ్లు నిండినవారికి లైసెన్సు కావాలని మీకు తెలిసే ఉంటుంది. వెళ్లేముందు టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ ఆ ఏడాది నియమాలను ఒకసారి చూసుకోండి.

ప్రశ్న: నేను కుడిచేతి వాటం మనిషిని. రీల్ పిడి కుడివైపు ఉన్నది కొనాలా, ఎడమవైపు ఉన్నదా?
(ఒక పాఠకురాలు, షార్లట్)

జవాబు: మీరు ఇప్పటిదాకా స్పిన్నింగ్ రీల్‌ను ఎడమచేత్తో తిప్పుతూ ఉంటే, ఎడమ పిడి ఉన్నదే తీసుకోండి. కుడిచేత్తో విసిరి, రాడ్‌ను చేయి మార్చకుండా ఎడమచేత్తో చుట్టుకోవచ్చు. కుడి పిడి రీళ్లు పాత అలవాటు వల్ల ఎక్కువగా దొరుకుతాయి. వాటితో ప్రతిసారీ విసిరాక రాడ్‌ను ఎడమచేతికి మార్చుకోవాలి, ఆ క్షణంలో చేప తగిలితే గాలం దించే వీలుండదు. ఒకసారి ఎంచుకున్నాక తరువాత కొనే రీళ్లన్నీ అదే వైపువి కొనండి.

ప్రశ్న: మాది కరీంనగర్ జిల్లా. అమెరికా నుంచి మా అన్నయ్య బాస్ కోసం వాడిన బెయిట్‌కాస్టింగ్ సెట్టు తెచ్చి ఇచ్చాడు. దీంతో మన చెరువుల్లో కొర్రమీను పట్టవచ్చా?
(ఒక పాఠకుడు)

జవాబు: తప్పకుండా పట్టవచ్చు. బాస్ అనగానే కొందరు మన పండుగప్ప అనుకుంటారు, కానీ లార్జ్‌మౌత్ బాస్ వేరే కుటుంబపు మంచినీటి చేప. పొంచి ఉండి మీద పడే దాని తీరు మన కొర్రమీనుకు దగ్గరగా ఉంటుంది. సెట్టు మీడియం హెవీ లేదా హెవీ అయితే చాలు. దారం మాత్రం మార్చండి: తామరాకుల మధ్య, గుర్రపుడెక్కలో మోనో సాగిపోతుంది కాబట్టి 40 లేదా 50 పౌన్ల బ్రెయిడ్ వేయండి. స్పూల్ మీద నేరుగా చుడితే బ్రెయిడ్ జారుతుంది. ముందు కొన్ని గజాల మోనో చుట్టి, దానికి బ్రెయిడ్ ముడివేయండి. పది నుంచి పదిహేను గ్రాముల మెత్తని రబ్బరు కప్ప లూర్‌ను ఆకుల మీదుగా ఆపి ఆపి లాగండి. కొర్రమీను కొట్టిన వెంటనే లాగకుండా ఒక క్షణం ఆగి, బరువు తగిలాక గట్టిగా ఎత్తండి. నీటి పైన ఎర్రని పిల్లల గుంపు కదులుతుంటే కింద తల్లీతండ్రీ కాపలా ఉంటాయి, అవి కోపంతో దేన్నయినా కొడతాయి. అక్కడ లూర్ వేయకండి, వాటిని తీసేస్తే పిల్లలన్నీ ఇతర చేపల పాలవుతాయి. మన చెరువుల్లో చాలా వాటి మీద మత్స్య సహకార సంఘాలకు హక్కు ఉంటుంది కాబట్టి, గట్టు ఎక్కే ముందు ఆ ఊరి సంఘం పెద్దలను అడిగి వెళ్లండి.