గోర్డిమర్ కథలో జబ్బుపడిన సోదరుణ్ణి పెట్రస్ యజమానికి చెప్పకుండా ఎందుకు దాచాడు?

యజమాని మంచివాడా చెడ్డవాడా అన్నది ఇక్కడ రెండో ప్రశ్న. అసలు కారణం చట్టం. దక్షిణాఫ్రికా రచయిత్రి నాడిన్ గోర్డిమర్ రాసిన 'సిక్స్ ఫీట్ ఆఫ్ ద కంట్రీ' (1956లో ఇదే పేరుతో వచ్చిన సంపుటిలోని కథ) జోహన్నెస్‌బర్గ్‌కు 10 మైళ్ల దూరంలోని పొలంలో నడుస్తుంది. ఆ పొలంలో పనిచేసే నల్లజాతి కూలీ పెట్రస్. అతని సోదరుడు పని కోసం రొడీషియా (ఇప్పటి జింబాబ్వే) నుంచి కాలినడకన వచ్చాడు. అనుమతి లేకుండా సరిహద్దు దాటినవాడు కాబట్టి దొరికితే అరెస్టే.

స్థానిక నల్లవాళ్లకే పరిస్థితి ఇరుకు. 1952 చట్టాలతో 16 ఏళ్లు దాటినవాళ్లకు పాస్‌బుక్ (ఎప్పుడూ వెంట ఉంచుకోవాల్సిన గుర్తింపు, అనుమతి పుస్తకం) తప్పనిసరైంది (ముందు మగవాళ్లకు, తర్వాత ఆడవాళ్లకు). అందులో యజమాని సంతకం ఉండాలి. అనుమతి లేకుండా పట్టణ ప్రాంతంలో 72 గంటలు మించి ఉంటే నేరం. అలాంటిచోట డాక్టర్ని పిలవడమంటే మనిషిని పట్టివ్వడమే. న్యుమోనియాతో అతను గుడిసెలోనే పోయాడు.

చావుతోనూ ఆ చిక్కు వీడలేదు. అధికారులు శవాన్ని పోస్ట్‌మార్టమ్‌కు తీసుకెళ్లి వాళ్లే పూడ్చేశారు. తిరిగి తవ్వించడానికి 20 పౌండ్లు. కూలీలు ఆ డబ్బు పోగుచేసి కట్టారు. అంత్యక్రియల్లో పెట్టె మరీ బరువుగా ఉందని ముసలి తండ్రికి అనుమానం వచ్చి తెరిపిస్తే, లోపల వేరెవరో!

చదివేటప్పుడు కథకుడిపై ఓ కన్నేసి ఉంచండి. చెబుతున్నది తెల్ల యజమాని. 20 పౌండ్లు దండగ అనుకునే అతని లెక్కలోంచే మనకు అవతలివాళ్ల దుఃఖం కనిపిస్తుంది. పెట్రస్‌ను మన 'పాలేరు'గా ఊహించుకుంటే పాస్ సంగతి మరుగున పడుతుంది.