పరుగు ఆపితే స్టామినా పోతుందా?

ప్రశ్న: కానిస్టేబుల్ ప్రిలిమ్స్ గట్టెక్కాను. ఈవెంట్స్ (పరుగు, లాంగ్ జంప్, షాట్‌పుట్ పరీక్షలు) కోసం నెల రోజులుగా తెల్లవారుజామున బైపాస్ రోడ్డు మీద పరిగెడుతున్నా. ఇప్పుడు మోకాలి కింద, ఎముక లోపలి అంచు వెంట ఒకటే నొప్పి. బిళ్ల వేసుకుంటే తెలియట్లేదు. పరిగెడుతూ ఉంటే అదే పోతుందని ఫ్రెండ్స్ అంటున్నారు. ఆపితే స్టామినా పోతుందేమోనని భయంగా ఉంది.
– ఒక పాఠకుడు, నల్గొండ జిల్లా

జవాబు: ముందు ఆ బిళ్ల మానేయండి. నొప్పి తెలియకపోతే ఎక్కడ ఆగాలో మీకు తెలియదు.

ఇప్పుడు కాలు చాపి కూర్చుని, చీలమండ పైనుంచి ఎముక లోపలి అంచు వెంట బొటనవేలితో నొక్కుతూ పైకి రండి. నాలుగు వేళ్ల మేర, అంతకంటే ఎక్కువ మేర సలుపుతుంటే అది బహుశా షిన్ స్ప్లింట్స్, అంటే పరుగు తాకిడికి మోకాలి కింది ఎముక అంచు వెంట వచ్చే నొప్పి. అలా కాక రూపాయి బిళ్లంత చోట మాత్రమే ప్రాణం పోయేలా నొప్పి ఉంటే, రాత్రి పడుకున్నా తగ్గకపోతే, ఎముకలో సన్నని పగులు వచ్చిందేమో చూపించుకోవాలి. ఫిజియోథెరపిస్టుగా నేను గట్టిగా చెప్పేది ఇదే: మొదటి రెండు మూడు వారాల్లో ఆ పగులు ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు. ‘ఎక్స్‌రే బాగానే ఉంది’ అని మళ్లీ పరుగు మొదలుపెట్టకండి. ఎమ్మారై అవసరమా అని ఎముకల డాక్టర్ని అడగండి.

నెలలో మీ ఊపిరి కుదురుకుని ఉంటుంది, అందుకే ఇంకో రౌండ్ వేయాలనిపిస్తుంది. ఎముక అంత తొందరగా గట్టిపడదు. పరుగు తాకిడికి అది ముందు కొంత అరిగి, ఆ తర్వాతే కొత్త ఎముక కట్టుకుంటుంది. ఆ మధ్యలో రోజూ బాదితే దెబ్బ తింటుంది.

షిన్ స్ప్లింట్సే అయితే రెండు వారాలు పరుగు, లాంగ్ జంప్ రెండూ వద్దు. కాలు నొప్పి పెట్టకుండా నిలబడి వేయగలిగితే షాట్‌పుట్ సాధన చేసుకోండి. స్టామినాకు సైకిల్ ఉంది. నిమిషం జోరుగా, రెండు నిమిషాలు మెల్లగా, అరగంట తొక్కండి. నొప్పి ఎక్కువైతే ఐసును గుడ్డలో చుట్టి పది పదిహేను నిమిషాలు పెట్టండి. మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడి మడమలు పైకెత్తి దించండి. మోకాళ్లు నిటారుగా పెట్టి పదిహేను సార్లు, కాస్త వంచి పదిహేను సార్లు. వంచి చేసేది మానొద్దు. ఆ ఎముకను అంటిపెట్టుకుని ఉండే లోపలి పిక్క కండరానికి పని పడేది అప్పుడే.

అరగంట వడివడిగా నడిచినా, ఒంటికాలిపై గెంతినా నొప్పి లేనప్పుడు మళ్లీ మొదలుపెట్టండి. రోడ్డు వదిలేసి మట్టి గ్రౌండ్‌కి వెళ్లండి. రోజు విడిచి రోజు, నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక. అడుగులు చిన్నవిగా వేయండి. ఒకే వారంలో దూరమూ వేగమూ రెండూ పెంచొద్దు. 1600 మీటర్లు ఒక్క ఊపున పరిగెత్తడం ఆ తర్వాతి మాట.

మీరు రాయలేదు గానీ, పరుగయ్యాక ఒట్టి టీ తాగి స్టడీ హాల్లో కూర్చునేవాళ్లను చాలామందిని చూశాను. గుడ్లో, పప్పన్నమో, పెరుగన్నమో కడుపు నిండా తినండి. తిండి చాలకపోతే ఎముక కోలుకోదు. మీతో పాటు పరిగెత్తే అమ్మాయిలకూ ఒక మాట చెప్పండి: నెలసరి ఆగిపోయినా, తప్పుతున్నా అది సాధన వల్లేలే అని వదిలేయకుండా డాక్టరుకు చూపించుకోవాలి. వాళ్ల ఎముకలకు పగులు ముప్పు ఇంకా ఎక్కువ.