డ్యాష్‌బోర్డు విప్పించే ముందు

చిట్టితల్లికి,

పెదనాన్న ఆశీస్సులు.

హీటర్ పూర్తిగా తిప్పినా గోరువెచ్చటి గాలే వస్తోందనీ, షెడ్డులో డ్యాష్‌బోర్డు మొత్తం విప్పి హీటర్ కోర్ మార్చాలంటున్నారనీ రాశావు. ఆ పనికి అప్పుడే సరే అనకు. కోర్ పాడై ఉండొచ్చు, కాదనను. కానీ అది చివర తేల్చుకోవాల్సిన సంగతి. దానికన్నా ముందు చూడాల్సినవి చాలా ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం నువ్వే, నీ చేతులతోనే చూసుకోగలవు.

పెట్రోలు, డీజిల్ కార్లలో హీటర్ తనంతట తానుగా వేడి పుట్టించదు. ఇంజన్‌ను చల్లబరుస్తూ తిరిగే కూలెంట్‌లో కొంత భాగం డ్యాష్‌బోర్డు వెనకున్న ఒక చిన్న రేడియేటర్‌లోకి వెళ్తుంది. హీటర్ కోర్ అనేది దాన్నే. బ్లోయర్ అనే ఫ్యాన్ దాని మీదుగా గాలిని తోస్తుంది, ఆ గాలే నీకు తగులుతుంది. కాబట్టి ఇంజన్ సరిగా కాగకపోయినా, కాగిన కూలెంట్ కోర్ దాకా చేరకపోయినా, చేరిన వేడిని గాలి అందుకోకపోయినా నీకు తెలిసేది ఒక్కటే, చలి. ఆ మూడింటిలో ఏదో తేలకుండా పార్టు కొనకూడదు.

మొదట, తక్కువైంది గాలా, వేడా అన్నది చూడు. గాలి వేడిగానే ఉండి ధార సన్నగా వస్తుంటే ఆ గొడవ కూలెంట్‌ది కాదు, క్యాబిన్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయి ఉంటుంది. చాలా కార్లలో అది గ్లవ్ బాక్స్ వెనకే ఉంటుంది, తీసి చూడటం తేలిక. బ్లోయర్ అన్ని వేగాల్లో తిరగకుండా ఆఖరి నంబరు మీద మాత్రమే తిరుగుతుంటే దాని వేగం తగ్గించే రెసిస్టర్ పోయిందని అర్థం. నువ్వు రాసినదాన్ని బట్టి గాలి బాగానే వస్తోంది, వేడే లేదు. కాబట్టి బానెట్ ఎత్తాల్సిందే.

ఇంజన్ పూర్తిగా చల్లారాకే కూలెంట్ మట్టం చూడు. వేడి మీద రేడియేటర్ మూత ఎప్పుడూ తీయొద్దమ్మా. లోపల ఒత్తిడి మీదున్న కూలెంట్ వంద డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది, మూత వదులు కాగానే ఒక్కసారిగా పొంగి ముఖం మీదికి చిమ్ముతుంది. పక్కనున్న కూలెంట్ డబ్బాలో గీత దాకా ఉందని తృప్తిపడకు, రేడియేటర్‌కి విడిగా మూత ఉంటే అదీ తీసి చూడు. డబ్బా నిండుగా ఉండి రేడియేటర్‌లో తక్కువగా ఉండటం జరిగేదే. మట్టం తగ్గితే మొదట దెబ్బ తగిలేది చాలాసార్లు హీటర్‌కే.

మట్టం సరిగా ఉంటే ఇక అసలు పరీక్ష. ఇంజన్‌ని బాగా వేడెక్కనిచ్చి, హీటర్‌ని పూర్తి వేడి మీద పెట్టి, బానెట్ ఎత్తు. ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్యనున్న గోడలోకి రెండు హోస్ పైపులు వెళ్తాయి. ఒకటి కోర్‌లోకి కూలెంట్ తెచ్చేది, రెండోది వెనక్కి తీసుకెళ్లేది. ఇంజన్ ఆపి, మందపాటి గ్లవ్ తొడుక్కుని, రెండింటినీ ఒకదాని తర్వాత ఒకటి తాకి చూడు. ఇంజన్ ఆపేశాక కూడా రేడియేటర్ ఫ్యాన్ ఉన్నట్టుండి తిరగవచ్చు, చేతులూ చున్నీ అటు పోనివ్వకు.

రెండూ చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే కూలెంట్ చక్కగా తిరుగుతోందన్నమాట. అప్పుడు లోపం గాలి దారిలో ఉంది. చల్లగాలినీ వేడిగాలినీ కలిపే పలకను బ్లెండ్ డోర్ అంటారు, దాన్ని ఒక చిన్న మోటారు తిప్పుతుంది. ఉష్ణోగ్రత నాబ్‌ని ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పుతూ చెవి పెట్టి విను. డ్యాష్‌బోర్డు వెనక టిక్ టిక్‌మని ఆగకుండా చప్పుడొస్తే ఆ మోటారు పళ్లు విరిగినట్టే. పాత కార్లలో మోటారు బదులు కేబుల్ ఉంటుంది, అది ఊడిపోయినా ఇదే తీరు. ఇలాంటి చోట కోర్ మార్పించుకుంటే డబ్బూ పోతుంది, చలీ పోదు.

ఒకటి మాడుతూ రెండోది చల్లగా ఉంటే కోర్ లోపల పూడుకుపోయి ఉండాలి, లేదా ఆ దారిలో వాల్వ్ ఉన్న కారైతే అది మూసుకుపోయి ఉండాలి. వాల్వ్ ముందు చూడు, అది చవక.

రెండూ చల్లగానే ఉంటే కూలెంట్ కాగడం లేదు, లేదా హీటర్ వైపు రావడం లేదు. ఇక్కడ నువ్వు బండి నడిపేటప్పుడు గమనించినదే ఎక్కువ పనికొస్తుంది. సిగ్నల్ దగ్గర ఆగితే గాలి చల్లబడి, యాక్సిలరేటర్ తొక్కగానే వేడెక్కుతోందా? అయితే కూలెంట్ తగ్గి ఉండాలి, లోపల ఎయిర్ పట్టి ఉండాలి, లేదా కూలెంట్‌ని తిప్పే వాటర్ పంప్ రెక్కలు అరిగి ఉండాలి. అదే ట్రాఫిక్‌లో వెచ్చగా ఉండి, హైవే మీద వేగం పెరిగేకొద్దీ చల్లబడుతోందా? అయితే నా అనుమానం థర్మోస్టాట్ మీదే, అంటే ఇంజన్ కాగేదాకా కూలెంట్‌ని పెద్ద రేడియేటర్‌లోకి పోనివ్వకుండా ఆపే వాల్వ్ మీద. అది తెరుచుకుని బిగుసుకుపోతే కూలెంట్ కాగకముందే పెద్ద రేడియేటర్‌లోకి వెళ్లి చల్లారిపోతుంది. ఇంధనం కూడా ఎక్కువ తాగుతుంది.

థర్మోస్టాట్ చాలా కార్లలో 82 నుంచి 95 డిగ్రీల మధ్య తెరుచుకుంటుంది. పొద్దున చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి, రేడియేటర్ పై పైపుని అప్పుడప్పుడు తాకుతూ ఉండు. చాలాసేపు చల్లగా ఉండి ఒక్కసారిగా వేడెక్కితే థర్మోస్టాట్ బాగున్నట్టు. మొదటినుంచే కొద్దికొద్దిగా వేడెక్కుతూ వస్తే అది మూసుకోవడం లేదు. కొన్ని ఇంజన్లలో థర్మోస్టాట్ కింది పైపు వైపు ఉంటుంది, వాటికి ఈ పరీక్ష పనికిరాదు. టెంపరేచర్ మీటర్ ముల్లుని మరీ నమ్మకు, ఈ కాలం కార్లలో పది ఇరవై డిగ్రీలు అటూ ఇటూ అయినా అది మధ్యలోనే నిలబడుతుంది. కారు కంప్యూటర్‌లోని అంకెలు చదివే ఓబీడీ రీడర్ తగిలిస్తే అసలు అంకె కనిపిస్తుంది.

ఎయిర్ పట్టిందని అనుమానమొస్తే బండి ముక్కు ఎత్తులో ఉండేలా నిలిపి, ఇంజన్ చల్లగా ఉండగానే మూత తీసి, హీటర్ పూర్తి వేడి మీద పెట్టి స్టార్ట్ చెయ్యి. బుడగలు వస్తుంటే కూలెంట్ పోస్తూ ఉండు. ఎయిర్ తీసే స్క్రూ ఉంటే దాన్ని వాడు. కొన్ని కార్లకు వేరే పద్ధతి ఉంటుంది, ముందు మాన్యువల్ చూడు. ఎంతసేపటికీ బుడగలు ఆగకపోతే ఇంజన్ పొగే కూలెంట్‌లోకి చేరుతుండవచ్చు. అది ఇంజన్ బ్లాకుకీ పైనున్న హెడ్‌కీ మధ్య ఉండే సీలు, హెడ్ గ్యాస్కెట్ వ్యవహారం, అక్కడితో ఆపి మెకానిక్‌కి చూపించు.

కోరే పూడిందని తేలితే కూడా వెంటనే మార్చనక్కర్లేదు. రెండు పైపులూ విప్పి, తక్కువ ఒత్తిడి నీళ్లు ఎదురు దిశలో పంపిస్తే చాలాసార్లు తుప్పూ మడ్డీ బయటికి వచ్చేస్తాయి. ఆ పైపులు కోర్‌కి అతుక్కుపోయి ఉంటే గుంజొద్దని చెప్పు, కోర్ గొట్టాలు పల్చనివి, విరిగిపోతాయి. రబ్బరుని నిలువునా కోసి తీసి, కొత్తది వేయడమే మేలు. తర్వాత డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం కలిపి నింపించు, నీ కారుకి చెప్పిన రకమే పోయించు. వేర్వేరు రకాలు కలిస్తే కొన్నిసార్లు జిగురుగా మారి మళ్లీ కోర్‌లోనే పేరుకుంటుంది. లీకు ఆపే పొడులూ ద్రావకాలూ ఎవరు పోస్తానన్నా ఒప్పుకోకు. అవి చిల్లులతో పాటు కోర్‌లోని సన్నటి దారులనూ మూసేస్తాయి.

కోర్ నిజంగా మార్చాల్సిందే అనడానికి గుర్తులు వేరు. కారులో తియ్యటి వాసన, ముందు అద్దం లోపలివైపు జిడ్డు పొర, డ్యాష్‌బోర్డు కింద కార్పెట్ తడి. ఇవి కనిపిస్తే కోర్ కారుతోంది, అప్పుడు డ్యాష్‌బోర్డు విప్పక తప్పదు, ఖర్చుకి వెనకాడకు.

ఇంకొక్కటి, దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకు. టెంపరేచర్ ముల్లు ఎరుపు వైపు పోతూ హీటర్‌లోంచి చల్లగాలి వస్తే కూలెంట్ తగ్గిపోయిందో, తిరగడం ఆగిందో అన్నమాట. ఇంకొంచెం దూరమే కదా అని నడపకు. పక్కకు తీసి ఇంజన్ ఆపి, బండిని లాగించుకునే ఏర్పాటు చూసుకో. తీసిన పాత కూలెంట్‌ని తెరిచిన గిన్నెలో వదిలేయకు. అది తియ్యగా ఉండే విషం, పిల్లలూ కుక్కలూ నోట పెట్టే ప్రమాదం ఉంది. మూతున్న డబ్బాలో పోసి షెడ్డుకి ఇచ్చెయ్.

ఇట్లు,
మీ పెదనాన్న