సంక్రాంతి లిస్టు అంటించేముందు

చి. అల్లుడికి ఆశీస్సులు.

సూపర్‌వైజర్ అయ్యావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషం. పండగ సెలవులు ఎవరికిచ్చినా మిగతావాళ్లు మొహం మాడ్చుకుంటారని అప్పుడే బెంగ పెట్టుకున్నావట. అందుకే ఈ ఉత్తరం.

స్పిన్నింగ్ మిల్లులో నా మొదటి సంక్రాంతికి నేనూ ఆ దెబ్బ తిన్నాను. నూలు వడికే ఫ్రేములు ఆపడానికి లేదు, షిఫ్టుకి నలుగురికే సెలవు. ఎవరి ఊరు దూరం, నిరుడు పండక్కి ఎవరు ఆగారు, అన్నీ చూసుకుంటూ రెండు రాత్రులు కూర్చుని లిస్టు రాశాను. ఆ లిస్టులో తప్పు లేదని ఇప్పటికీ అంటాను. పొద్దున బోర్డుకి అంటించాను. మధ్యాహ్నానికల్లా నా కులపోళ్లకే ఇచ్చుకున్నానని క్యాంటీన్లో తేల్చేశారు! లెక్కంతా నా బుర్రలో ఉండిపోయింది మరి. వాళ్లకి కనపడింది పేర్లే.

మరుసటేడు దసరా కాగానే అందర్నీ పిలిచి, ఎలా పంచుదామో మీరే చెప్పండన్నాను. గంటసేపు గోల. కొత్తల్లుడు వచ్చే ఇంటివాళ్లకి ముందివ్వాలి, నిరుడు వెళ్లినవాళ్లు ఆగాలి, మిగతావాళ్లకి చీటీలు అన్నారు. కొత్తల్లుడి సంగతి నాకు తట్టనే లేదు సుమా. టీ గ్లాసుల ట్రేలో చీటీలు కలిపాం. ఖాళీ చీటీ తగిలిన డాఫర్ (నిండిన బాబిన్లు తీసేవాడు) ఒకడు దాన్ని చెవి వెనక దోపుకుని ఫ్రేము దగ్గరికి వెళ్లిపోయాడు. భోగినాడు రాత్రి షిఫ్టుకి అందరికంటే ముందొచ్చాడు.

అమెరికాలో గ్రీన్‌బర్గ్ అనే ప్రొఫెసర్ 1990లో ఒక పరిశీలన ప్రచురించాడు. రెండు ప్లాంట్లలో పది వారాలు జీతం 15 శాతం కోశారు. ఒకచోట కారణం వివరంగా చెప్పి, అడిగినవాటికి జవాబిచ్చారు. రెండోచోట నాలుగు ముక్కల్లో తేల్చేశారు. దొంగతనాలు ఎక్కువ పెరిగింది ఆ రెండోచోటే. కోత మాత్రం ఇద్దరికీ ఒకటే.

ఎవరిమీదైనా చర్య తీసుకోవాల్సొస్తే ఇంకా జాగ్రత్త. ఏ తేదీ, ఏ షిఫ్టు, ఏం చేశాడు అన్నది చార్జిషీటులో తెలుగులో రాయించు. ఫిర్యాదు చేసినవాడిచేతే ఎంక్వయిరీ చేయించకు. చార్జిషీటు అందుకున్నవాణ్ణే సాక్షుల్ని ప్రశ్నలు అడగనివ్వు.

ముందే తేల్చేసుకుని అభిప్రాయాలు అడిగినట్టు నటించావో, చెడ్డావన్నమాటే. నిర్ణయం అయిపోయిందని మొహం మీద చెప్తే వారం తిట్టుకుంటారు. ఉత్తుత్తి మీటింగు పెడితే మళ్లీ పిలిచినప్పుడు ఎవడూ నోరు విప్పడు.

అన్నట్టు, చీటీలు నువ్వు తియ్యకు. ఎవరిది వాళ్లచేతే తీయించు.

మీ మామయ్య